ప్రతినాయకుని గొంతు: ఎస్. వి. రంగారావు గారి నటజీవితము

జైపూరు నుండి ఒక శ్రోత మాకు జాబు వ్రాసిరి. అచ్చటి విద్యుత్కేంద్రమున రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చి వ్రాసినదట. వారి తండ్రిగారు బొగ్గుగనిలో పనిచేసిన దినములలో, పిల్లలు అల్లరి చేసినపుడెల్ల ‘పాతాళభైరవి’ మాంత్రికుని గొంతును అనుకరించి వారిని బెదరించెడివారట. “నాయకుని మాటలు మరచితిమి గాని ఆ గొంతు మరువలేదు. చెడ్డవాని వేషము కట్టిన వానిని ఇంతగా ఏల జ్ఞాపకముంచుకొందుము? అట్టి వానికి చరిత్రలో చోటు కలదా?” అని వారి ప్రశ్న.

ప్రశ్న చిన్నది గాదు. మన పురాణములలో రావణుడు లేక రాముని కథ నడువదు. కీచకుడు లేక భీముని బాహుబలము వెల్లడి గాదు. అయినను దండలు నాయకునికే గాని ప్రతినాయకునికి గావు. ఆ వేషమును నిలబెట్టిన నటుని సంగతి విచారించుటకు ఈ జాబు మాకు మంచి అవకాశమైనది.

సామర్ల వెంకట రంగారావుగారు 1918వ సంవత్సరము జూలై 3వ తేదీన కృష్ణాజిల్లా నూజివీడులో జన్మించిరి. తండ్రిగారు అబ్కారీ శాఖలో ఉద్యోగి. తరచు బదిలీలగుటచే బాలుడు మదరాసులో నాయనమ్మగారి కడ పెరిగి, అచ్చటి హిందూ హైస్కూలులో చదివెను. పిదప విశాఖపట్టణమున ఇంటర్మీడియేటు, కాకినాడ పి. ఆర్. కళాశాలలో బి. ఎస్‌సి. పూర్తియైనవి. కాకినాడలో ‘యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్’ అను నాటకసమాజము కలదు. అంజలీదేవి, సంగీత దర్శకులు ఆదినారాయణరావు గారలు ఆ సమాజమున మెలగినవారే. తెలుగు నాటకములతో పాటు షేక్‌స్పియరు పాత్రలను, ముఖ్యముగా షైలాకును, రంగారావుగారు ఆంగ్లముననే అభినయించిరి. వడ్డీ వ్యాపారియైన షైలాకు క్రూరుడే. కాని అవమానము పొందినవాడు. క్రూరుని క్రూరత్వమునకు వెనుక ఒక కారణముండునని, ఆ కారణమును నటుడు ఎరిగి ఉండవలెనని ఆ పాత్ర నేర్పును.

చదువు ముగిసిన పిమ్మట ఆయన అగ్నిమాపక శాఖలో చేరి, బందరులోను విజయనగరములోను పనిచేసిరి. నాటకముల మీది మక్కువ ఆ ఉద్యోగమును సాగనీయలేదు. 1947లో బి. వి. రామానందంగారి ‘వరూధిని’ చిత్రమున తొలి వేషము దొరకెను. అది ఏ వేషమనుకొన్నారు? అప్సరస ఎదుట నిలిచినను నిగ్రహము వీడని ప్రవరాఖ్యుడు! పెద్దనగారు ‘మనుచరిత్ర’లో తీర్చిన నిష్ఠాపరుడు. దుష్టపాత్రలకు పేరెన్నికగనబోవు నటుని తొలి పాత్ర పరమ సాధువగుట చిత్రమే గదా. ఆ చిత్రము ఆడలేదు. రంగారావుగారు రంగు తుడుచుకొని జంషెడ్‌పూరు చేరి, టాటావారి ఉక్కు కర్మాగారమున ఉద్యోగమున ప్రవేశించిరి. గనులును కొలుములును గల ప్రాంతములవారికి ఆ జీవితము తెలియనిది కాదు. అచ్చటనే స్థిరపడినచో మన కథ అంతటితో ముగిసెడిది.

మదరాసు నుండి మరల పిలుపు వచ్చెను. 1950లో విజయావారి తొలి చిత్రము ‘షావుకారు’లో సున్నం రంగడను రౌడీ పాత్ర లభించెను. చిన్న పాత్రయే; కాని చూచినవారు మరువలేదు. మరుసటి ఏడు అదే సంస్థ ‘పాతాళభైరవి’ని తీయుచు, నేపాళ మాంత్రికుని పాత్రను ఆయన చేతిలో పెట్టెను. 1951 మార్చిలో విడుదలైన ఆ చిత్రమునకు దర్శకులు కె. వి. రెడ్డిగారు, రచయిత పింగళి నాగేంద్రరావుగారు, నాయకుడు ఎన్. టి. రామారావుగారు. 1952లో బొంబాయిలో జరిగిన మన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున దానిని ప్రదర్శించిరి.

ఇచ్చట మేము రేడియో వారముగా ఒక మాట చెప్పవలెను. రంగారావుగారికి ముందు మన దుష్టపాత్రలకు పేరుగాంచినవారు వేమూరి గగ్గయ్యగారు. 1933 నాటి ‘సావిత్రి’ చిత్రమున యముడు ఆయనయే. ఆయన పద్యమెత్తినచో ఉరుము ఉరిమినట్లుండెడిదని పెద్దలు చెప్పుదురు. అది రంగస్థలమున పెరిగిన కంఠము. మైకులు లేని దినములలో, పందిరి చివర చాపమీద కూర్చున్నవానికి సైతము వినిపింపవలెను. కావున ఆ నాటి కంసుడు, యముడు, రావణుడు అందరును గొంతెత్తియే భయపెట్టిరి. అది లోపము గాదు. ఆ కాలపు అవసరము.

మైక్రోఫోను వచ్చిన పిమ్మట పరిస్థితి మారెను. మైకు ఎదుట కేకలు వేయనక్కరలేదు. ఊపిరి పీల్చుట వినబడును. పెదవి విరుపు వినబడును. మాటకు మాటకు నడుమనున్న మౌనము సైతము వినబడును. ఈ సంగతి మేము స్టూడియోలో కొత్తవారికి తొలినాడు చెప్పు పాఠము. రంగారావుగారు దానిని బాగుగా ఎరిగినవారు. మాంత్రికుడు అరచుట తక్కువ; బుజ్జగించుట ఎక్కువ. శిష్యుని పిలుచునపుడు గొంతున తేనె ఒలుకును, ఆ తేనె క్రింద కత్తి ఉండును. ఒక పదమును సాగదీసి, మరియొకదానిని చటుక్కున విరిచి, నడుమ చిన్న నవ్వు నవ్వును. ఆ సంభాషణలు రేడియోలో వచ్చునపుడు గడ్డము కనబడదు, మంత్రదండము కనబడదు; అయినను వినువాడు ఒక్కసారి వెనుకకు చూచుకొనును. జైపూరు శ్రోతగారి తండ్రి ముఖమున రంగు లేకయే పిల్లలను బెదరింపగలిగిన రహస్యమిదియే.

ఇంగ్లండులోను ఇట్టి చరిత్రయే కలదు. బేసిల్ రాత్‌బోన్ షేక్‌స్పియరు నాటకములాడు ఫ్రాంక్ బెన్సన్ సమాజమున అభ్యసించి, 1938లో రాబిన్ హుడ్ చిత్రమున ప్రతినాయకుడై పేరుగాంచెను. క్రిస్టఫర్ లీ 1958లో డ్రాకులాగా తెరపై నిలిచినది మొదలు, ఆ దీర్ఘకాయమును ఆ మంద్రకంఠమును లోకము మరువలేదు. నాటకశాల నేర్పిన ఉచ్చారణయు, మైకు నేర్పిన సంయమమును కలిసిన చోట మంచి ప్రతినాయకుడు పుట్టుచున్నాడని తోచును.

అయితే రంగారావుగారిని దుష్టపాత్రలకే కట్టివేసినచో అన్యాయము. 1955లో బి. ఎన్. రెడ్డిగారు తీసిన ‘బంగారుపాప’ను చూడుడు. జార్జి ఇలియట్ నవల ‘సైలస్ మార్నర్’ దానికి ఆధారము. మాటలు పాలగుమ్మి పద్మరాజుగారివి. అందు రంగారావుగారు కోటయ్యయను మొరటు మనిషి. పగతో మండుచున్న ఆ మనిషి చేతికి ఒక పసిపాప దొరకును. ఆ పాపను ఎత్తుకొన్న నాటి నుండి అతని నడక మారును, చూపు మారును. మొదటి కోటయ్యను నమ్మించనిచో రెండవ కోటయ్యను ఎవ్వరును నమ్మరు. మంచితనమునకు విలువ కట్టుటకు చెడుగును ఎంత నిజముగా చూపవలెనో దానివలన తెలియును.

1957 మార్చిలో వచ్చిన ‘మాయాబజారు’న ఘటోత్కచుడు మరియొక చిత్రము. పుట్టుక రాక్షసునిది, పక్షము పాండవులది. గదయు, కోరలవంటి మీసములును, కొండవంటి దేహమును అన్నియు ప్రతినాయకునివే. కాని మనసు పసివానిది. ఆ విందు పాటకు కంఠము మాధవపెద్ది సత్యంగారిది. తెరపై చూచునపుడు పాడినది వేరొకరని తోచదు. ఆ చిత్రముననే మాయాశశిరేఖయైన సావిత్రిగారు, లోపల ఘటోత్కచుడున్నాడని చూపుటకు రంగారావుగారి నడకను, చేతి విసురును అనుకరించిరి. ఒక మహానటి మరియొక నటుని చేష్టలను అట్లు ధరించుటకన్న మించిన సన్మానమేమి కలదు?

1963లో కమలాకర కామేశ్వరరావుగారి ‘నర్తనశాల’ వచ్చెను. విరటుని బావమరిది, సేనాపతి, బలగర్వితుడు కీచకుడు. సైరంధ్రి సావిత్రి, బృహన్నల రామారావుగారు, భీముడు బరువులెత్తుటలో ప్రసిద్ధులైన దండమూడి రాజగోపాలరావుగారు. కీచకుడు అపరాధియనుటలో సందేహము లేదు. రంగారావుగారు ఆ అపరాధమును కప్పిపుచ్చలేదు. జాలి పుట్టింపను చూడలేదు. తన కోరికకు ఎదురు లేదని నమ్మిన మనిషి ఎట్లుండునో చూపిరి. అందుచేతనే ఆ చావు కేవలము ఒక రాక్షసుని చావుగా గాక, అహంకారమునకు పట్టిన గతిగా కనిపించును. 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున ఆ పాత్రకే ఆయనకు ఉత్తమ నటుని బహుమతి లభించెను. గమనింపుడు: బహుమతి అందినది అర్జునునికి గాదు, కీచకునికి.

ఆ పిమ్మట 1965లో ‘పాండవ వనవాసము’న దుర్యోధనుడు, 1967లో ‘భక్తప్రహ్లాద’లో హిరణ్యకశిపుడు, 1971లో బాపుగారి ‘సంపూర్ణ రామాయణము’న రావణుడు. ఒక్కొక్కడును ఒక్కొక్క విధమున చెడ్డవాడు. ఒకని చెడుగు మరియొకనికి అతుకదు. హిరణ్యకశిపుడు కొడుకును చంపింపబోవు తండ్రి. ఆ ఆజ్ఞ ఇచ్చుటకు ముందు గొంతున కలుగు తడబాటు కంసునికి ఉండదు. నడుమ ‘చదరంగం’, ‘బాంధవ్యాలు’ అను సాంఘిక చిత్రములకు ఆయనయే దర్శకత్వము వహించిరి. ఆ రెంటికిని నంది పురస్కారములు లభించినవి.

1974 జూలై 18వ తేదీన మదరాసులో, 56వ ఏట, గుండెపోటుతో రంగారావుగారు కన్నుమూసిరి. ఆయన జీవించియుండగా పద్మ పురస్కారము ఆయనను చేరలేదు. అభిమానులు నేటికిని చెప్పుకొను కొరత అది. 2013లో, భారతీయ చలనచిత్రమునకు నూరేండ్లు నిండిన సందర్భమున, తపాలా శాఖవారు వెలువరించిన బిళ్ళలలో ఒకటి ఆయన పేర వెలసెను. నలుబది ఏండ్ల ఆలస్యమైనను ఒక జాబు చేరినట్లే.

ఇక శ్రోతగారి ప్రశ్నకు మా సమాధానము. చెడుగును పొట్టిగా, బొమ్మగా చూపినచో మనము నవ్వి ఊరకుందుము. అది మన ఇంటి పొరుగున తిరుగునని తోచదు. దానికి నిండైన ఆకారమును, తీయని మాటను, నమ్మదగిన కారణమును కల్పించినపుడు మాత్రమే మనము జాగ్రత్త పడుదుము. ఆ జాగ్రత్తను నేర్పినవాడు ఉపకారియే. ఆయనకు చరిత్రలో చోటు కలదా యని శ్రోతగారు అడిగిరి. గనిలో దిగి వచ్చిన ఒక తండ్రి, అలసిన గొంతుతో మాంత్రికుని పలుకు పలికి పిల్లలను దగ్గరకు రప్పించుకొనినపుడే ఆ చోటు ఏర్పడినది. దానిని తాము నేటికిని మరువలేదని శ్రోతగారే వ్రాసిరి గదా.