క్లచ్ మార్చినా మళ్ళీ అదే బాధ: పాత బండ్లలో అసలు కారణం ఎక్కడుంటుంది?

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. క్వాలిస్ 2005లోనే ఆగింది. అయినా ఈ బండ్లు, వీటితోపాటు పాత ఆల్టోలు, ఓమ్ని వ్యాన్లు ఇంకా చాలా ఇళ్ళకు ఆధారంగా తిరుగుతూనే ఉన్నాయి. పిల్లల స్కూలు ట్రిప్పులు, కిరాయిలు, ఊళ్ళో చుట్టాల పెళ్ళిళ్ళు, అన్నీ వాటి మీదే. ఈ వయసు బండ్లు ఉన్నవాళ్ళ నుంచి తరచుగా వినిపించే ఫిర్యాదు ఒకటుంది. క్లచ్ సెట్ వేయించి ఏడాది కూడా తిరగలేదు, మళ్ళీ మొదటికొచ్చింది అని.

మామూలుగా జరిగేది ఏమిటంటే, బండి షెడ్డుకు వెళ్తుంది. ప్లేటు పోయిందంటారు. గేర్‌బాక్స్ దించి కొత్త సెట్ వేసి పంపిస్తారు. కొన్నాళ్ళు బాగానే నడుస్తుంది. కానీ ప్లేటు తొందరగా అరగడం ఫలితం మాత్రమే. దాన్ని అరగదీసింది ఏమిటో చూడకపోతే రెండో సెట్ కూడా అదే దారిలో పోతుంది. కూలీ డబ్బు, పని దినాలు రెండుసార్లు నష్టం.

జారుతోందా, వదలడం లేదా?

ఇంజన్ చివర ఫ్లైవీల్ ఉంటుంది. దానికి ఆనుకుని క్లచ్ ప్లేటు, ఆ ప్లేటును ఫ్లైవీల్‌కు గట్టిగా అదిమి ఉంచేది ప్రెషర్ ప్లేటు. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్ళి ప్రెషర్ ప్లేటు స్ప్రింగును నొక్కుతుంది, ప్లేటు మీద పట్టు వదులుతుంది. ఇందులో చెడిపోయే తీరులు ముఖ్యంగా రెండు. పట్టు చాలకపోవడం ఒకటి, పట్టు పూర్తిగా వదలకపోవడం రెండోది. రెంటికీ మందు వేరు. షెడ్డుకు వెళ్ళేముందే ఏదో తెలుసుకుంటే సగం డబ్బు మిగులుతుంది.

జారుతుంటే యాక్సిలరేటర్ తొక్కగానే ఇంజన్ మోత పెరుగుతుంది, బండి వేగం మాత్రం పెరగదు. ఎత్తు ఎక్కేటప్పుడు, లోడు ఉన్నప్పుడు ఇది బాగా బయటపడుతుంది. పాతబస్తీ గ్యారేజీల్లో ఉస్తాద్‌లు 'క్లచ్ ఫిసల్ రహా హై' అనేది దీన్నే. అనుమానంగా ఉంటే ముందు, వెనక మనుషులు లేని చదునైన చోట హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, నాలుగో గేర్ వేసి, కొంచెం రేస్ ఇచ్చి పెడల్ మెల్లగా వదలాలి. క్లచ్ బాగుంటే ఇంజన్ వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూ ఉంటే జారుతున్నట్టే. ఈ పరీక్ష ఒక్కసారి చాలు. పదే పదే చేస్తే మిగిలిన ప్లేటు కూడా కాలిపోతుంది.

వదలకపోతే గేర్ పడదు, ముఖ్యంగా రివర్స్ వేసేటప్పుడు కరకరమంటుంది. ఇంజన్ ఆపి చూస్తే అదే గేర్ హాయిగా పడుతుంది. అలా పడితే తప్పు క్లచ్ వదిలే వ్యవస్థలో ఉంది. ఇంజన్ ఆపినా గేర్ బిగుసుకునే ఉంటే క్లచ్‌ను అనుమానించే ముందు గేర్ లింకేజీ చూడాలి. ఈ చిన్న తేడా గమనించక అనవసరంగా గేర్‌బాక్స్ దింపించుకున్నవాళ్ళు తక్కువేం కాదు.

కేబుల్ బండ్లు

మారుతి 800, ఆల్టో, ఓమ్నిలలో క్లచ్ కేబుల్‌తో పనిచేస్తుంది. పెడల్‌కు పైన కొంత ఖాళీ ఆట ఉండాలి. ఎంతనేది ఆ మోడల్ పుస్తకంలో ఉంటుంది. ప్లేటు అరిగేకొద్దీ ఈ ఆట తగ్గుతూ వస్తుంది. పూర్తిగా పోయిందంటే పెడల్ తొక్కకపోయినా బేరింగ్ స్ప్రింగును నొక్కుతూనే ఉంటుంది. అప్పుడు మంచి ప్లేటు కూడా జారుతుంది. కేబుల్ చివర నట్టు తిప్పి సరిచేసే పని ఇది, పది నిమిషాలు చాలు. దీని గురించి అడగకుండా సెట్ మార్చడానికి ఒప్పుకోకూడదు.

కొత్త కేబుల్ వేసిన కొన్ని నెలలకే తెగిపోతుంటే, తక్కువ రకం అని కొట్టును తిట్టుకునే ముందు మూడు చూడాలి. కేబుల్ వెళ్ళే దారిలో పదునైన మలుపు ఉందా? పెడల్ బిగించిన బ్రాకెట్ గానీ, అది ఆనుకున్న రేకు గానీ పగిలిందా? పాత బండ్లలో తుప్పు వల్ల ఆ రేకు పెడల్‌తోపాటు వంగుతుంది. ఎంత సర్దినా ఆట నిలవదు. మూడోది చాలామంది ఊహించనిది. ఇంజన్‌కూ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ తీగ వదులైనా, తెగినా స్టార్టర్ కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. ఒక్కోసారి ఆ దారి క్లచ్ కేబులే అవుతుంది. కేబుల్ లోపల వేడెక్కి, తొడుగు కరిగి, బిగుసుకుపోతుంది. సెల్ఫ్ కొట్టగానే కేబుల్ వేడిగా తగిలితే ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్ళాల్సిన కేసు అది.

ఆయిల్‌తో పనిచేసేవి

క్వాలిస్ లాంటి వాటిలో కేబుల్‌కు బదులు హైడ్రాలిక్ ఏర్పాటు ఉంటుంది. పెడల్ దగ్గర మాస్టర్ సిలిండర్, గేర్‌బాక్స్ దగ్గర స్లేవ్ సిలిండర్. పెడల్ మెత్తగా కిందికి దిగిపోయి, రెండుమూడుసార్లు కొడితే మళ్ళీ పట్టు వస్తుంటే గాలి చేరింది లేదా రబ్బరు వాషర్లు పోయాయి. దీనికి గేర్‌బాక్స్ దించాల్సిన పనిలేదు. బయటి నుంచే చూసి గాలి తీయవచ్చు. డబ్బాలో ఆయిల్ తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. పోస్తూ పోవడం వైద్యం కాదు. కొన్ని బండ్లలో బ్రేకుకూ క్లచ్‌కూ డబ్బా ఒకటే కాబట్టి ఇది అశ్రద్ధ చేసే విషయం అసలే కాదు. డబ్బా మూత మీద రాసిన గ్రేడు బ్రేక్ ఆయిలే పోయాలి. ఇంజన్ ఆయిల్ పోస్తే రబ్బర్లు ఉబ్బి మొత్తం పోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, అందుకే సుమారు రెండేళ్ళకోసారి మార్చడం మంచిది.

గేర్‌బాక్స్ దించాక

దించక తప్పలేదనుకుందాం. అప్పుడు బండి యజమాని దగ్గరుండి చూడాల్సిన సమయం ఇదే. పాత ప్లేటు చేతిలోకి తీసుకుంటే కథంతా అదే చెబుతుంది. సమానంగా అరిగి పొడిగా ఉంటే వయసు అయిపోయిందని అర్థం. నూనె తడి ఉంటే మాత్రం కొత్త ప్లేటు వేసినా లాభం లేదు. పలుచగా, నల్లగా ఉంటే ఇంజన్ వెనక సీల్ నుంచి, చిక్కగా ఘాటు వాసన వస్తుంటే గేర్‌బాక్స్ ముందు సీల్ నుంచి కారుతున్నట్టు. ఈ సీళ్ళ ఖరీదు గేర్‌బాక్స్ దించే కూలీ ముందు చాలా తక్కువ. బాగానే కనిపించినా పాత బండిలో అప్పుడే మార్పించుకోవడం తెలివైన పని.

ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్నని పగుళ్ళు, గాడులు ఉంటే కొత్త ప్లేటు సరిగ్గా కూర్చోదు. బండి కదిలేటప్పుడు వణుకు వస్తుంది. లేత్ షాపులో ఫేసింగ్ చేయించాలి. ఎంత తీయవచ్చన్న పరిమితి ఉంటుంది, అది దాటితే మార్చడమే. రిలీజ్ బేరింగును నడిపే ఫోర్కు, దాని బుష్‌లు, గేర్‌బాక్స్ షాఫ్ట్ పళ్ళు చూడాలి. ఆ పళ్ళ మీద గ్రీజు పలుచగా రాస్తే చాలు. ఎక్కువైతే చిమ్మి ప్లేటు మీదే పడుతుంది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ కలిపే వేయాలి. ఒక్క ప్లేటు మార్చి మిగతావి పాతవే ఉంచడం వల్ల మిగిలేది మొదటి వారం సంతోషమే. రీలైనింగ్ చేసిన ప్లేట్లు చవకగా వస్తాయి గానీ కిరాయి బండికి పనికిరావు.

లోపలి దుమ్మును గాలిపంపుతో ఊదనివ్వకూడదు. పాత ప్లేట్లలో ఆస్బెస్టాస్ వాడేవారు, ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదం. చేతికింద పనిచేసే కుర్రాళ్ళు మూతికి గుడ్డ కూడా లేకుండా ఊదుతుంటారు. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

రాణిగంజ్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ సెట్ కొన్నప్పుడు బిల్లు అడగాలి, డబ్బా మీద పార్ట్ నంబరు బండి మోడల్‌తో సరిపోల్చాలి. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక కాగితం మీద రాసి బండిలో పెట్టుకోవాలి. పాత భాగాలు తిరిగి ఇవ్వమని ముందే చెప్పాలి.

కాలు చేసే నష్టం

అన్నీ బాగుచేయించినా మళ్ళీ అరుగుతుంటే నడిపే తీరు చూడాలి. మెహదీపట్నం, టోలిచౌకి ట్రాఫిక్‌లో పెడల్ మీద కాలు ఆనించే నడపడం చాలామందికి అలవాటు. ఆ కాస్త బరువుకే పట్టు సడలుతుంది. ఫ్లైఓవర్ ఎత్తులో హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం అన్నిటికన్నా ఖరీదైన అలవాటు. అక్కడ హ్యాండ్‌బ్రేక్ వాడాలి. సిగ్నల్ దగ్గర న్యూట్రల్ చేయాలి. సెకండ్ గేర్‌లో కదిలించకూడదు. ఒకే బండిని అన్నదమ్ములు, అల్లుడు, కిరాయి డ్రైవరు అందరూ నడుపుతుంటే ఎవరి కాలో తెలుసుకోవడం కష్టమే, గొడవ లేకుండా అందరికీ ఒకేసారి చెప్పడం మేలు. ఓమ్నిలో పరిమితికి మించి పిల్లల్ని ఎక్కిస్తే క్లచ్ సంగతి తర్వాత, బ్రేకులు ఆగవు.

దారిలో కాలిన వాసన వస్తే పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వాలి. వాసన వస్తున్నా శ్రీశైలం ఘాట్ లాంటి చోట ఎక్కుతూ పోతే మధ్యలో పట్టు పూర్తిగా పోవచ్చు, బండి వెనక్కి జారుతుంది. ఇంట్లో వాళ్ళను దింపి టోయింగ్ పిలవడమే సరైనది.

ఇక ఉంచుకోవాలా, అమ్మేయాలా అన్నది. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు ముగుస్తుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్ళ చొప్పున పొడిగించుకోవాలి. గడువు దగ్గరపడిన బండికి క్లచ్ పని పెట్టించే ముందు కింద ఛాసిస్, ఫ్లోర్ రేకు తుప్పు చూపించుకోవాలి. రేకు గట్టిగా ఉండి, ఇంజన్ పొగ లేకుండా ఉంటే సీళ్ళతో సహా ఒక్కసారే పూర్తిగా చేయించుకోవచ్చు. రేకు తిన్నదైతే ఆ డబ్బు క్లచ్ మీద పెట్టకపోవడమే నయం.