ఆల్బనీ: వాటాలుగా మారిన మహాభవనము

ఒక ప్రభువు తన కుటుంబము కొరకు కట్టించిన పెద్ద భవనమును అతడు విడిచిపోయిన తరువాత ఏమి చేయవలెను? పడగొట్టవచ్చును, పాడుపడనీయవచ్చును. మూడవ మార్గము కూడ ఒకటి కలదు. లండను నగరమున పికడిల్లీ వీధిలోని ఆల్బనీ అందుకు మంచి ఉదాహరణము.

మెల్బోర్న్ ప్రభువు కొరకు సర్ విలియం చేంబర్స్ అనే వాస్తుశిల్పి 1771–1776 సంవత్సరముల మధ్య దీనిని నిర్మించినాడు. ఇది మూడంతస్తుల మేడ. ముఖభాగమున ఏడు కిటికీల వెడల్పు. ముందు ముంగిలి, దానికి ఇరుప్రక్కల ఇంటిపనులకు ఉద్దేశించిన రెండు చిన్న కట్టడములు, వెనుక పొడవైన తోట ఉండెడివి. 1791లో యార్కు, ఆల్బనీ ప్రభువైన ఫ్రెడరిక్ రాకుమారుడు ఈ ఇంటికి వచ్చినాడు. అతని బిరుదము నుండియే దీనికి పేరు వచ్చినది. 1802లో అతడును దీనిని వదలుకొన్నాడు.

అప్పుడు హెన్రీ హాలెండ్ అనే వాస్తుశిల్పి దీనిని వాటాలుగా మార్చినాడు. పెద్ద గదులలో అడ్డుగోడలు పెట్టినంతమాత్రమున వాటాలు కావు. ఒకరి గదిలోనుండి మరొకరు నడువవలసివచ్చినచో అక్కడ కాపురము సాగదు. ప్రతి వాటాకు వేరు ద్వారము, గాలి, వెలుతురు కావలెను. చలిదేశము గనుక నిప్పుగూడు, పొగగొట్టము కూడ కావలెను. పాత మేడ ఒక్కటే ఇన్ని అవసరములు తీర్చజాలదు.

అందుచేత హాలెండ్ మేడను, ప్రక్క కట్టడములను విభజించుటతో ఆగలేదు. తోట పొడవునా రెండు కొత్త వరుసలను ఎదురెదురుగా కట్టించినాడు. వాటి మధ్య పైకప్పు గల నడవ ఒకటి వేయించినాడు. దానికి రోప్ వాక్ అని పేరు. నడవకు ప్రక్కగోడలు లేవు. అందువలన నడచువారు వానకు తడవరు, వరుసలలోని గదులకు వెలుతురు తగ్గదు. ఒక్కొక్క మెట్లదారి కొన్ని వాటాలకే చెందును. ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి కళాశాలలలో విద్యార్థుల గదులకు ఈ పద్ధతి అంతకుముందే ఉన్నది. ఈ విధముగా మొత్తము 69 వాటాలు ఏర్పడినవి. మొదట అవి బ్రహ్మచారులైన పురుషుల కొరకే; తరువాతి కాలమున ఆ నియమము సడలినది.

కవి బైరన్, రాజనీతిజ్ఞుడు గ్లాడ్‌స్టన్ ఇచ్చట నివసించినారు. మన దేశమున ఆంగ్లవిద్యను సమర్థించుచు 1835లో నివేదిక వ్రాసిన మెకాలే, స్వదేశమునకు తిరిగి వెళ్లిన తరువాత, 1841 నుండి 1856 వరకు ఇచ్చటనే ఉన్నాడు. అతని ఇంగ్లండు చరిత్రలోని మొదటి రెండు సంపుటములు 1848లో, తరువాతి రెండు 1855లో వెలువడినవి.

ఈ మార్పులో నష్టము లేకపోలేదు. తోట పోయినది; ఒకే కుటుంబమునకు తగినట్లు అమర్చిన లోపలి గదులు ముక్కలైనవి. అయినను చేంబర్స్ కట్టిన మేడ నిలిచినది. నేడది ఇంగ్లండులో మొదటి శ్రేణి రక్షిత కట్టడము. గోడల బలమొక్కటే కట్టడమును కాపాడజాలదు. అందులో నివసించువారు కూడ ఉండవలెను. పాత భవనమును చూచునప్పుడు ఎవరు కట్టించిరని మాత్రమే గాక, తరువాతివారు దానిని ఎట్లు వాడుకొనిరని కూడ విద్యార్థులు అడుగవలెను.