యాస్మీన్ లారీ

యాస్మీన్ లారీ (జననం 1941) పాకిస్తాన్‌కు చెందిన ఆర్కిటెక్ట్. ఆ దేశంలో ఈ వృత్తిలోకి వచ్చిన తొలి మహిళగా పేరు పొందారు. డేరా ఘాజీ ఖాన్‌లో పుట్టారు. తండ్రి జఫరుల్ అహ్సన్ ఐసీఎస్ అధికారి. ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌లో ఆర్కిటెక్చర్ చదువుకుని, భర్త సుహైల్ జహీర్ లారీతో కలిసి స్వదేశం చేరి, 1964లో కరాచీలో లారీ అసోసియేట్స్ సంస్థను ప్రారంభించారు. కట్టడం పనుల దగ్గర ఆడమనిషి మాట వినడం అలవాటు లేని పనివాళ్లు తొలి రోజుల్లో ఆమెకు పని తెలుసా అని పరీక్షించేవారు.

లాహోర్‌లో 1970ల్లో పేదల కోసం కట్టిన అంగూరీ బాగ్ ఇళ్లు ఆమె తొలినాటి పనుల్లో ముఖ్యమైనవి. అవి ఎత్తు తక్కువ ఇటుక ఇళ్లు. ఆడవాళ్లు కోళ్లు పెంచుకోవడానికీ, కూరగాయలు పండించుకోవడానికీ వీలుగా వాటికి ఆరుబయలు డాబాలు ఉంచారు. ఆ తరువాత కరాచీలో ఫైనాన్స్ అండ్ ట్రేడ్ సెంటర్, పాకిస్తాన్ స్టేట్ ఆయిల్ ప్రధాన కార్యాలయం వంటి కాంక్రీటు, గాజు భవనాలు ఆమెకు పెద్ద పేరు తెచ్చాయి. 1980లో భర్తతో కలిసి హెరిటేజ్ ఫౌండేషన్‌ను స్థాపించి పాత కట్టడాల పరిరక్షణ చేపట్టారు. సున్నం, మట్టి ఎంత కాలం నిలుస్తాయో ఆమె దగ్గరుండి చూసింది అక్కడే.

2000లో వృత్తి నుంచి విరమించుకున్నారు. కానీ ఆమె అసలు పని అంతా ఆ తరువాతదే అనాలి. 2005 అక్టోబరు 8 భూకంపం తరువాత ఉత్తర పాకిస్తాన్ కొండ ప్రాంతాలకు వెళ్లి, కూలిన ఇళ్ల రాళ్లూ కలపా ఏరి, వాటితోనే తిరిగి కట్టుకోవడం బాధితులకు నేర్పారు. 2010 వరదల తరువాత సింధ్‌లో వెదురు, సున్నం, మట్టి ఆమె ప్రధాన సామగ్రి అయ్యాయి. వరద నీరు కింద నుంచి పోయేలా వెదురు స్తంభాల మీద మహిళా కేంద్రం కూడా కట్టించారు.

ఆమె పొయ్యి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సింధ్ పల్లెల్లో ఆడవాళ్లు నేల మీద మంట పెట్టి, పొగలో వంగి వండేవారు. వాన వస్తే అదీ ఆరిపోయేది. లారీ మట్టితో ఎత్తైన అరుగు కట్టించి, దాని మీద పొయ్యి, పక్కన పొగగొట్టం పెట్టించి, పైన సున్నం పూయించారు. వంట చేసే మనిషికి పొగ బాధ తగ్గింది, పొయ్యికి వరద ముప్పు తగ్గింది. కట్టడం నేర్చుకున్న పల్లె స్త్రీలే ఊరూరా తిరిగి మిగతావారికి నేర్పారు. తమ అరుగులకు తామే రంగులు, ముగ్గులు వేసుకున్నారు. ఈ పొయ్యికి 2018లో వరల్డ్ హాబిటాట్ అవార్డు వచ్చింది.

విపత్తులో ఇల్లు పోగొట్టుకున్నవారిని చేయి చాచేవారిగా చూడకూడదనీ, వారే కట్టుబడిదారులు కావాలనీ లారీ వాదన. ఉక్కు, సిమెంటు వాడిన తన పాత భవనాలను ఆమె ఆ తరువాత బాహాటంగానే విమర్శించారు. అంత పేరు తెచ్చిన పనిని తానే తప్పుపట్టడానికి చాలా నిజాయితీ కావాలి. 2020లో జేన్ డ్రూ బహుమతి, 2023లో బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ ఇచ్చే రాయల్ గోల్డ్ మెడల్ ఆమెను వరించాయి. 2025లో ఇజ్రాయెల్‌కు చెందిన వుల్ఫ్ బహుమతి ప్రకటిస్తే, గాజాలో జరుగుతున్న మారణకాండను కారణంగా చూపి తిరస్కరించారు.