మా ఆఫీసు జీపు చరిత్ర



మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని కార్యదర్శి గారు కోరారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. 1972లో ఎల్.డి.సి.గా చేరి, 2008లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన మామూలు గుమాస్తాను. నాకు తెలిసిన చరిత్ర అంతా ఫైళ్లలోదే. అయితే రిటైరయ్యాక ఒక తుప్పు పట్టిన జీపును ఇంటి పెరట్లో బాగుచేయించుకున్నాను. ఆ పనిలో, నేను స్వయంగా వ్రాసిన ఒక ఫైలు తప్పని తెలిసింది. అది మీ ముందు ఉంచటం ధర్మమనిపించి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

జీపు పుట్టుక

1940లో అమెరికా సైన్యానికి నాలుగు చక్రాలూ లాగే తేలికపాటి బండి కావలసి వచ్చింది. 135 కంపెనీలకు కబురు పంపితే, ముందుకు వచ్చినవి ఒకటి రెండే. నమూనా బండి ఇవ్వటానికి పెట్టిన గడువు 49 రోజులు. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ గడువులోనే, 1940 సెప్టెంబరు 23న బండిని అప్పగించింది. కానీ పెద్ద ఎత్తున తయారుచేసే శక్తి ఆ కంపెనీకి లేకపోవటంతో ఆర్డర్లలో అధిక భాగం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు పోయింది. యుద్ధం ముగిసేసరికి ఆ రెండూ కలిసి సుమారు 6 లక్షల 40 వేల జీపులు తయారుచేశాయి. మొదట బండి చేసి చూపినవాడికి దక్కింది తక్కువ. మన ఆఫీసుల్లో నోటు వ్రాసినవాడొకడు, పేరు వచ్చేది మరొకడికి అన్నట్టే!

యుద్ధం తరువాత ఇవే బండ్లు రైతుల కోసం వచ్చాయి. 1946లో డాడ్జి కంపెనీ పవర్ వాగన్ పేరుతో, 1947లో విల్లీస్ కంపెనీ జీపు ట్రక్కు పేరుతో నాలుగు చక్రాలూ లాగే పికప్‌లను మార్కెట్లోకి తెచ్చాయి. ముందు క్యాబిను, వెనుక సరుకు తొట్టి. పొలం గట్టునుంచి ధాన్యం రోడ్డెక్కించటానికి అంతకంటే ఏం కావాలి?

మన దేశంలో మహీంద్రా వారి సంస్థ 1945లో లూథియానాలో ఉక్కు వ్యాపారంగా మొదలైంది. అప్పటి పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశ విభజన తరువాత భాగస్వామి గులాం మహమ్మద్ గారు పాకిస్తాన్‌కు తొలి ఆర్థిక మంత్రిగా వెళ్లారు. 1948లో సంస్థ పేరు మారింది. 1947లో విల్లీస్ నుంచి మొదటి విడతగా 75 బండ్లు విడిభాగాలుగా వచ్చాయి.

జీపుకూ ఆడిట్‌కూ చుట్టరికం కూడా అప్పటినుంచే ఉంది. 1948లో కాశ్మీరు యుద్ధ సమయాన సైన్యం కోసం లండన్‌లోని మన హైకమిషన్ ద్వారా పాత జీపులు బాగుచేయించి కొనటానికి సుమారు 80 లక్షల రూపాయల ఒప్పందం జరిగింది. వచ్చినవి 155. పార్లమెంటులో చాలా దుమారం రేగింది. 1955లో ప్రభుత్వం ఆ అధ్యాయం ముగిసిందని ప్రకటించింది.

మా ఆఫీసుకు వచ్చిన జీపు

1952 అక్టోబరు 2న సమాజాభివృద్ధి పథకం మొదలయ్యాక బ్లాకులు వచ్చాయి, బ్లాకు జీపులూ వచ్చాయి. పల్లెల్లో జీపు శబ్దం వినబడితే "గవర్నమెంటు వచ్చింది" అనేవారు.

కృష్ణా జిల్లాలో నేను పనిచేసిన ఆఫీసుకు 1969లో సి.జె. 3బి రకం పెట్రోలు జీపు ఇచ్చారు. బానెట్టు ఎత్తుగా ఉండేది. ఇంజనులో గాలి పీల్చే వాల్వులు పైకి అమర్చటంతో ఇంజను ఎత్తు పెరిగింది, దాని కోసం బానెట్టునూ లేపారు. గేరు కర్ర పక్కన ఇంకా రెండు చిన్న కర్రలు ఉండేవి. ఒకటి ముందు ఇరుసును కలపటానికి, మరొకటి లో గేరుకు. ఇంజను బలం గేరుబాక్సులోంచి ట్రాన్స్‌ఫర్ కేసు అనే మరో గేర్ల పెట్టెలోకి వెళ్లి, అక్కడ ముందుకూ వెనక్కూ చీలుతుంది. స్పీడు మీటరు తీగ కూడా ఆ పెట్టెనుంచే బయలుదేరుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ పని పడుతుంది.

1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన మన తరం మరచిపోలేనిది. పదివేలమందికి పైగా ప్రాణాలు పోయాయి. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక వైపు రోడ్లు ఎక్కడున్నాయో తెలియలేదు. మా జీపు బియ్యం బస్తాలు, మంచినీళ్ల డ్రమ్ములు, మందులు వేసుకుని ఆ బురదలో తిరిగింది. డ్రైవరు గారు నాకంటే 18 ఏళ్లు పెద్ద. చాలా రాత్రులు జీపులోనే పడుకున్నారు. టైర్లు చీలికలైతే, ఆ హడావిడిలో 6.00-16 సైజు దొరకక, స్టోర్సులో ఉన్న 7.00-16 టైర్లు వేశారు. రిమ్ము ఒకటే కనుక పట్టాయి. ఆ ఇండెంటు మీద "సైజు భేదమున్నను పనికివచ్చును" అని నోటు వ్రాసింది నేనే.

మరుసటి ఏడాది ఆడిట్ వచ్చింది. తిరిగిన దూరానికి మించి పెట్రోలు ఖర్చయిందన్నారు. డ్రైవరు గారిని సంజాయిషీ అడిగాము. "మీటరు తక్కువ చూపుచున్నది" అని ఆయన ఒక్క వాక్యం వ్రాసి ఇచ్చారు. ఋజువు ఏమీ జతపరచలేదు. "సంజాయిషీ సంతృప్తికరముగా లేదు" అని డ్రాఫ్టు పెట్టింది నేనే. 300 రూపాయలు, నెలకు 20 రూపాయల వంతున 15 వాయిదాల్లో ఆయన జీతంలోంచి కోత పడింది. ఆయన ఆ తరువాత కూడా నాతో మామూలుగానే మాట్లాడేవారు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

1984లో జీపును కండెమ్ చేసి వేలం వేశారు. ఆ ఫైలూ నాదే.

పెరట్లో రిపేరు

2017లో చల్లపల్లి దగ్గర బంధువుల ఇంట పెళ్లికి వెళ్లాను. ఆ ఊళ్లో ఒక రైతు గడ్డివాము వెనుక, చింతచెట్టు కింద ఎత్తు బానెట్టు కనబడింది. వెనుక సీట్ల భాగం కోసేసి, చెక్కల తొట్టి బిగించి పికప్ చేశారు. పెట్రోలు ఇంజను తీసి డీజిల్ ఇంజను పెట్టారు. ఛాసిస్ మీద తుప్పు గీకి నంబరు చూశాను. పన్నెండేళ్లపాటు రిజిస్టర్లలో వ్రాసిన నంబరు గదా, చూడగానే పోల్చుకున్నాను. ఇనుము ధరకే ఇస్తానన్నాడు రైతు. ట్రాక్టరుకు కట్టి ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ వాకిట్లో నిలబడి, "పాత ఫైళ్లు చాలవని పాత ఇనుము కూడానా?" అంది.

రెండేళ్లు పట్టింది. సెలవుల్లో మా మనవడు, ఆదివారాలు విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక మేస్త్రీ వచ్చేవారు. ఈ పనికి దిగాలనుకునే మిత్రుల కోసం క్రమం చెబుతాను. ముందు రంగు జోలికి పోకూడదు. ఛాసిస్ అంతా చిన్న సుత్తితో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచి ఇనుము, బొదబొదమంటే లోపల తుప్పు తినేసినట్టు. అలాంటి చోట్ల పుచ్చిన భాగం కోసి కొత్త ప్లేటు వెల్డింగు చేయించాలి. పైన పుట్టీ పూసి కప్పిపుచ్చితే మరుసటి వర్షాకాలానికి బయటపడుతుంది. మిగతా తుప్పు వైరు బ్రష్షుతో గీకి, వెంటనే రెడ్ ఆక్సైడ్ కొట్టాలి. పట్టేసిన బోల్టులకు డీజిలు పోసి రెండు రోజులు ఆగితే సగం వాటంతటవే వదులుతాయి. ఆ తరువాత బ్రేకులు. వాటిలో పొదుపు పనికిరాదు. మాస్టరు సిలిండరు, వీల్ సిలిండర్లు, పైపులు అన్నీ కొత్తవే వేయించాను. కమాన్ కట్టల్లో విరిగిన ఆకులు మార్చాము.

మార్పుల విషయంలో మనవడికీ నాకూ చిన్న పేచీ. వాడు పెద్ద చక్రాలు, ముందు వించి, నెత్తిన లైట్లు పెడదామన్నాడు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లోని వివరాలకు విరుద్ధంగా బండి మార్చకూడదని చూపించాను. "తాతయ్యా, రిటైరైనా మీరు ఆఫీసు వదల్లేదు" అన్నాడు. పికప్ బాడీనీ, డీజిల్ ఇంజనునూ రైతు అప్పట్లోనే ఆర్.సి.లోకి ఎక్కించుకోవటం మా అదృష్టం. గడువు తీరిన రిజిస్ట్రేషన్‌ను బండి తనిఖీ చేయించి పునరుద్ధరించుకున్నాను. తొట్టి చెక్కలు మాత్రం మార్చి, కింద రేకు వేయించాము. సీటు బెల్టులు పెట్టించాము. టైర్లు ఉన్న సైజే, 7.00-16, కొత్తవి కొన్నాము.

మీటరు చెప్పిన మాట

2019లో ఒక ఉదయం బందరు రోడ్డు మీద బండి పరీక్షకు తీసుకువెళ్లాము. నాకు పాత అలవాటు, కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. 40 రాళ్లు దాటాము. మీటరు 37 చూపించింది. మీటరు పాడైందేమో అన్నాను. మేస్త్రీ నవ్వి, "మీటరు బాగానే ఉంది బాబాయ్ గారూ. అది చక్రం చుట్లు లెక్కపెడుతుంది. లోపలి పన్ను చిన్న టైరుకు పెట్టినది. టైరు పెద్దదైతే చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు" అన్నారు.

నాకు చెమటలు పట్టాయి. ఇంజను మారింది గాని ట్రాన్స్‌ఫర్ కేసు 1969 నాటిదే.

ఇంటికి వచ్చి టైరు మీద సున్నపుగీత గీసి, ఒక చుట్టు దొర్లించి టేపుతో కొలిచాను. 7 అడుగుల 9 అంగుళాలు. మేస్త్రీ షెడ్డులో 6.00-16 టైరు ఉన్న జీపును అలాగే కొలిస్తే 7 అడుగుల 2 అంగుళాలు. అంటే 100 కిలోమీటర్లు తిరిగితే మీటరు చూపేది 92న్నర.

టైర్ల ఫైలు ఒక బీరువాలో, పెట్రోలు ఫైలు మరో బీరువాలో ఉండేవి. రెండింటి మీదా పొట్టి సంతకం నాదే. రెండూ కలిపి చూడాలని 1978లో నాకు తోచలేదు.

రేకు పెట్టె

డ్రైవరు గారు అప్పటికి కాలం చేసి చాలా ఏళ్లయింది. వారి భార్య కుమారుడి దగ్గర ఉంటున్నారని తెలుసుకుని, ఆ బండి మీదే వెళ్లాను. ఎనభై ఏళ్ల మనిషి. విషయం చెప్పటానికి నాకు నోరు రాలేదు. చెప్పాక ఆమె ఆశ్చర్యపోలేదు. "ఆయన పోయేదాకా అనేవారు బాబుగారూ, మీటరు తప్పు చెబుతోందని" అన్నారు. కుమారుడు లోపలినుంచి రేకు పెట్టె తెచ్చాడు. అందులో 1978 నాటి మెమో నకలు. కింద నా పొట్టి సంతకం.

అక్కడే కూర్చుని లెక్క వేశాను. ఐదు నెలల్లో లాగ్‌బుక్ ప్రకారం 6,475 కిలోమీటర్లు. లీటరుకు 7 చొప్పున 925 లీటర్లు కావాలి. వాడినది 1,012. ఎక్కువ 87 లీటర్లు. అదీ ఆడిట్ అభ్యంతరం. టైరు భేదం కలిపితే నిజంగా తిరిగినది సుమారు 7,000 కిలోమీటర్లు, దానికి న్యాయంగా 1,000 లీటర్లు. మిగిలినవి 12 లీటర్లు. ఐదు నెలలు ఉప్పెన బురదలో లో గేరు మీద తిరిగిన బండికి 12 లీటర్లు ఒక లెక్కా?

జేబులోంచి డబ్బు తీయబోయాను. ఎంత తీయాలో కూడా నాకు తెలియలేదు. ఆమె చేయి అడ్డుపెట్టి, "డబ్బెందుకు బాబుగారూ? ఆ మాటేదో కాగితం మీద వ్రాసి ఇవ్వండి" అన్నారు.

తెల్లకాగితం తీసుకుని, పాత పద్ధతిలోనే మార్జిను మడిచి, లెక్క అంతా వ్రాశాను. "సదరు డ్రైవరు ఇచ్చిన సంజాయిషీ సరియైనది. దానిని త్రోసిపుచ్చుట పొరపాటు" అని కింద పూర్తి సంతకం చేశాను. ఆ కాగితానికి ఏ ఆఫీసులోనూ విలువ లేదని మనందరికీ తెలుసు. ఆమె కుమారుడి చేత పైకి రెండుసార్లు చదివించుకుని, మెమో పైన పెట్టి పెట్టె మూయించారు.

ఇంటికి వచ్చాక మేస్త్రీ మీటరు పన్ను మార్పిస్తానన్నారు. మార్పించాను. ఇప్పుడు 40 రాళ్లకు 40 చూపిస్తోంది. పికప్‌లో మా ఇంటి కొబ్బరికాయలు, ఇరుగుపొరుగు వారి ధాన్యం బస్తాలు తిరుగుతున్నాయి.

మనలో చాలామంది ఇళ్లలో అటకల మీద పాత కాగితాలు ఉన్నాయి. వాటిలో మనం వ్రాసినవీ ఉంటాయి, మన మీద వ్రాసినవీ ఉంటాయి. వీలున్నప్పుడు ఒకసారి దించి చూడమని మనవి. సరిదిద్దవలసిన మనిషి లేకపోయినా, ఆ ఇంటి తలుపు ఉంటుంది.

సెలవు.