ఆఫ్రికన్ సిక్లిడ్ చేపల్లో కడుపు ఉబ్బు: గుర్తింపు, చికిత్స, నివారణ

ఇంటి దగ్గరే చిన్న యూనిట్ పెట్టుకుని అలంకరణ చేపలు పెంచేవారు గప్పీ, మోలీలతో మొదలుపెట్టి, కాస్త చేయి తిరిగాక ఆఫ్రికన్ సిక్లిడ్‌ల వైపు వస్తుంటారు. వీటి రంగులు బాగుంటాయి, మన బోరు నీటిలో పెరుగుతాయి, పిల్లలకు ధర కూడా పలుకుతుంది. అయితే ఈ చేపల్లో పెంపకందారుణ్ణి బాగా దెబ్బతీసేది కడుపు ఉబ్బు జబ్బు. వ్యాపారులు దీన్ని ‘మలావి బ్లోట్’ అంటారు. పొట్ట ఉబ్బినట్టు స్పష్టంగా కనిపించిన చేప చాలావరకు ఒకటి నుంచి మూడు రోజుల్లో చనిపోతుంది. అందుకే పొట్ట ఉబ్బేదాకా ఆగకుండా, మేత వేసే సమయంలోనే జబ్బును గుర్తుపట్టాలి.

ఏ చేపలకు ఎక్కువగా వస్తుంది

మలావి సరస్సులోని ‘ఎంబూనా’ జాతులకు, టాంగన్యీకా సరస్సులోని ట్రోఫియస్ చేపలకు ఈ జబ్బు ఎక్కువ. ఎంబూనా అంటే అక్కడి తోంగా భాషలో రాతి చేప. మన దగ్గర దొరికే యెల్లో ల్యాబ్, ఆరేటస్, జీబ్రా, డెమసోనీ ఈ కోవలోవే. వీటిలో డెమసోనీ, ట్రోఫియస్ మరీ సున్నితం. సరస్సులో ఇవి రోజంతా రాళ్లమీది నాచును కొద్దికొద్దిగా గీక్కుని తింటాయి. నాచు అరగడానికి సమయం పడుతుంది కాబట్టి ట్రోఫియస్ ప్రేగు శరీరం కంటే ఎన్నో రెట్లు పొడవుగా, చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అలాంటి ప్రేగులోకి మాంసకృత్తులు, కొవ్వు ఎక్కువున్న మేత పోతే సరిగా అరగక నిలిచిపోతుంది.

యెల్లో ల్యాబ్ పురుగులూ తింటుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది. ఫ్లవర్‌హార్న్‌కు కూడా కడుపు ఉబ్బుతుంది గానీ, ఎక్కువసార్లు అది అతిగా మేపడం వల్ల వచ్చే మలబద్ధకమే.

ఎందుకు వస్తుంది

ఒకే క్రిమి వల్ల వచ్చే జబ్బు కాదిది. స్పైరోన్యూక్లియస్, హెక్సామిటా వంటి కశాభ పరాన్నజీవులు కొద్ది సంఖ్యలో ఆరోగ్యంగా ఉన్న చేప ప్రేగులోనూ ఉండవచ్చు. చేప ఒత్తిడికి గురైనప్పుడు, మేత పడనప్పుడు అవి పెరిగిపోతాయి. కొన్నిసార్లు క్రిప్టోబియా అనే మరో పరాన్నజీవి, కొన్నిసార్లు బ్యాక్టీరియా కారణమవుతాయి. ఏది పెరిగినా దానికి దారి ఇచ్చేవి మాత్రం దాదాపు ఒకటే: పడని మేత, పాడైన నీరు, మగచేప వేధింపు, రవాణా అలసట.

ముందుగా కనిపించే లక్షణాలు

మేత వేయగానే మిగతా చేపలు పైకి వస్తే, జబ్బు మొదలైన చేప వెనక ఉండిపోతుంది. లేదా వచ్చి, గుళికను నోట్లోకి తీసుకుని ఉమ్మేస్తుంది. మళ్లీ తీసుకుంటుంది, మళ్లీ ఉమ్మేస్తుంది. చికిత్సకు ఇదే సరైన సమయం. తర్వాత మలం తెల్లగా, జిగురు దారంలా వేలాడుతుంది. మొప్పలు వేగంగా ఆడిస్తూ చేప ఒక మూలకో, నీటి పై భాగానికో చేరుతుంది. రంగు నల్లబడుతుంది. చివరికి పొట్ట ఉబ్బుతుంది. పొలుసులు లేచి నిలబడే స్థితికి వచ్చిన చేప బతకడం అరుదు.

ఇక్కడ ఒక పొరపాటుకు తావుంది. ఎంబూనా, ట్రోఫియస్ ఆడచేపలు గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతాయి. ఎంబూనా ఆడచేప సుమారు మూడు వారాలపాటు దాదాపు ఏమీ తినదు, ట్రోఫియస్‌కు ఇంకాస్త ఎక్కువ కాలం పడుతుంది. మేతకు రావడం లేదని అలాంటి చేపను పట్టి మందు నీటిలో వేస్తే, బెదిరి గుడ్లు ఉమ్మేస్తుంది, ఒక ఈత పిల్లలు పోతాయి. దవడ కింద సంచిలా నిండుగా ఉండి, నోరు నములుతున్నట్టు కదులుతూ, చేప హుషారుగా ఉంటే అది పొదుగుతున్నట్టు లెక్క.

చికిత్స

మొదట మేత ఆపండి. రెండు మూడు రోజులు తినకపోతే పెద్ద చేపకు ఏమీ కాదు. అమ్మోనియా, నైట్రైట్ పరీక్షించండి, రెండూ సున్నా ఉండాలి. మూడో వంతు నీరు మార్చి, ఏరేషన్ పెంచండి. కొత్త నీటి ఉష్ణోగ్రత తొట్టి నీటికి సమానంగా ఉండాలి.

చాలామంది వాడే మందు మెట్రోనిడజోల్. ఇది డాక్టరు చీటీపై ఇచ్చే మందు కాబట్టి పశువైద్యుణ్ణి లేదా మత్స్య నిపుణుణ్ణి అడిగి తీసుకోండి. విడి మెట్రోనిడజోల్ మాత్రే అడగండి. విరేచనాలకు ఇచ్చే మాత్రల్లో వేరే మందులు కలిపినవి ఉంటాయి, అవి వద్దు. పిల్లల సిరప్‌లో చక్కెర ఉంటుంది, అదీ పనికిరాదు.

మోతాదు 30 లీటర్ల నీటికి 200 మి.గ్రా. మాత్ర ఒకటి. తొట్టి పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 90 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. నీరు ఉంటే 162 లీటర్లు. ఇసుక, రాళ్ల చోటు తీసేస్తే సుమారు 150 లీటర్లు, అంటే 5 మాత్రలు. మాత్రలను మెత్తగా నూరి, గోరువెచ్చని నీటిలో కలిపి, వడకట్టి పోయండి. ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే ముందే తీసేయండి, లేకపోతే మందును అది పీల్చేస్తుంది. లైటు ఆపి ఉంచండి. 1, 3, 5 రోజుల్లో మూడుసార్లు వేయాలి. రెండోసారి, మూడోసారి వేసే ముందు పావు వంతు నీరు మార్చాలి.

ఇంకా కాస్త తింటున్న చేపలకు మందు మేత ఇవ్వడం మంచిది, మందు నేరుగా ప్రేగులోకి చేరుతుంది. 20 గ్రాముల గుళికలకు 200 మి.గ్రా. మాత్ర ఒకటి చొప్పున, కొద్ది నీటిలో కలిపి గుళికలకు పట్టించి, నీడలో ఆరబెట్టి, ఐదు రోజులు కొద్దికొద్దిగా వేయండి. తినడం మానేసిన చేపకు నీటిలో మందే దారి.

ఎప్సమ్ సాల్ట్ ప్రేగు కదలికకు, వాపు తగ్గడానికి సాయపడుతుంది. 40 లీటర్లకు ఒక చెంచా చాలు. దీనికి బదులు వంట ఉప్పు వేయకూడదు.

ఒక్క చేపకే లక్షణాలుంటే విడి తొట్టిలోకి మార్చండి. ట్రోఫియస్‌లో మాత్రం మొత్తం తొట్టికే చికిత్స చేయడం నయం. గుంపు నుంచి ఒకదాన్ని తీసి వారం తర్వాత తిరిగి వేస్తే మిగతావి దాన్ని తరిమి చంపేస్తాయి. క్రిప్టోబియా అయితే మెట్రోనిడజోల్ సరిగా పనిచేయదు. కాబట్టి మూడు మోతాదులకూ ఫలితం లేకపోతే మోతాదు పెంచకుండా పరీక్ష చేయించండి.

రొయ్యలు, చేపల చెరువులున్నవారికి హెచ్చరిక

మెట్రోనిడజోల్‌తో సహా నైట్రోఇమిడజోల్ మందులన్నీ ఆహారం కోసం పెంచే రొయ్యలు, చేపల్లో నిషిద్ధం. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిషేధ జాబితాలో ఇవి ఉన్నాయి. అక్వేరియం చేపకు వాడాం కదా అని చెరువులో వేయకండి. మందు నీటిని చెరువులోకి, బోదెలోకి, కాలువలోకి వదలకండి. అవశేషాలు బయటపడితే సరుకు వెనక్కి వస్తుంది, ఆ నష్టం ముందు తొట్టెడు సిక్లిడ్‌ల ధర ఏపాటిది? మందు నీటిలో రెండు రోజులు బొగ్గు ఫిల్టర్ నడిపి, చెరువుకు దూరంగా మురుగు గుంటలో పోయండి. వాడిన బొగ్గును పాతిపెట్టండి. గాలం, వల, బకెట్ కూడా చెరువు పనికి వాడకుండా వేరుగా పెట్టుకోండి.

నివారణ

డెల్టా ప్రాంతంలో సులువుగా దొరుకుతుందని సిక్లిడ్‌లకు రొయ్యల మేత వేసేవారున్నారు. ఎంబూనాకు, ట్రోఫియస్‌కు అది సరిపడదు. గుండె మాంసం, ట్యూబిఫెక్స్, బ్లడ్‌వార్మ్ అసలు వద్దు. స్పైరులినా ప్రధానంగా ఉన్న మేత తీసుకోండి. ఉడకబెట్టి తొక్క తీసిన బఠాణీ, వేడి నీళ్లలో ముంచి తీసిన పాలకూర వారానికి రెండుసార్లు ఇవ్వవచ్చు. ఒకేసారి గుప్పెడు కాకుండా, ఒకటి రెండు నిమిషాల్లో తినేంత, రోజుకు రెండు మూడుసార్లు వేయండి. వారానికి ఒక రోజు పస్తు ఉంచండి. మేత బ్రాండ్ మార్చాలంటే పది రోజులపాటు పాతదానిలో కలుపుతూ మార్చండి.

నీరు గట్టిగా, పీహెచ్ సుమారు 8 ఉండాలి. బోరు నీరు చాలాచోట్ల సరిపోతుంది. ఆర్వో నీరు మాత్రం నేరుగా పోయకండి. ఫిల్టర్‌లో సున్నపురాయి ముక్కలు గానీ, పగడపు ముక్కలు గానీ ఉంచితే పీహెచ్ నిలకడగా ఉంటుంది. ఉష్ణోగ్రత 25 నుంచి 27 డిగ్రీలు మేలు. వేసవిలో నీరు 30 దాటితే ఆక్సిజన్ తగ్గుతుంది, ఆ రోజుల్లో మేత సగానికి తగ్గించి, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఏరేటర్ సిద్ధంగా ఉంచుకోండి. ప్రతి వారం మూడో వంతు నీరు మార్చండి.

ఒక మగచేపకు కనీసం మూడు నాలుగు ఆడచేపలు ఉండాలి, దాక్కోవడానికి రాళ్ల సందులుండాలి. చెన్నై కొళత్తూరు లాంటి మార్కెట్ల నుంచి తెచ్చిన చేపలకు మొదటి రోజు మేత వేయకండి. మూడు నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచి, మలం చూసి, ఆ తర్వాతే పాత చేపల్లో కలపండి.

చేపలు వరుసగా చనిపోతుంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరు, వనపర్తి జిల్లా పెబ్బేరులోని మత్స్య కళాశాలలను సంప్రదించండి. పరీక్షకు చచ్చిన చేప కంటే జబ్బుతో బతికున్న చేప ఉపయోగం. తొట్టి నీటితోనే ఆక్సిజన్ నింపిన కవరులో, మందు వేయకముందే తీసుకెళ్లండి. అప్పుడే చనిపోయినదైతే ఐసు మీద పెట్టండి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించవద్దు. పరాన్నజీవులు కదులుతున్నప్పుడే సూక్ష్మదర్శినిలో సులువుగా దొరుకుతాయి.