గణనము - శ్రవణము: మిశ్రపద్ధతి కొక నిదర్శనము

పరిశోధన కుపక్రమించు విద్యార్థులు తఱచుగా మమ్మొక ప్రశ్న యడుగుదురు: లెక్కింపవలెనా, జనులను కలిసి విచారింపవలెనా? రెండును చేసెదమని కొందఱు వెంటనే నిర్ణయింతురు. ఆ రెంటికిని గల సంబంధ మేమన్నచో సమాధానము రాదు. మొదటి పద్ధతి పుట్టించిన ప్రశ్నకు ఆ పద్ధతియే సమాధానము చెప్పలేనిచోట రెండవదానికి ప్రసక్తి కలుగును. హోమరు కావ్యములను పరిశోధించిన అమెరికా పండితుడు మిల్మన్ పారీ చరిత్ర దీనికి మంచి నిదర్శనము.

1928లో పారిస్ విశ్వవిద్యాలయమునకు సమర్పించిన సిద్ధాంతవ్యాసమున పారీ హోమరు విశేషణములను ఛందస్స్థానములనుబట్టి వర్గీకరించి లెక్కించెను. పాదాంతమున ఒకే ప్రమాణముగల తావున అకిలీసు ‘శీఘ్రపాదుడు’, ఒడిస్సియసు ‘బహుప్రజ్ఞుడు’. అకిలీసు అలిగి ఓడలకడ కదలక కూర్చున్నప్పుడును శీఘ్రపాదుడే! ఒక నాయకునకు ఒక స్థానమున సాధారణముగ ఒకే విశేషణ ముండుటను గమనించి, ఇంత విస్తృతము, ఇంత పొదుపు గల విధానమును ఒక్క కవి కల్పింపజాలడనియు, అది తరతరముల సంప్రదాయమనియు నాతడు నిర్ణయించెను. ఇంతవఱకు లెక్క చాలును. కాని ఆ సంప్రదాయము మౌఖికమా? వ్రాతకవియు పూర్వుల మాటలను తిరిగి వాడవచ్చును గదా. ఈ సంశయమును పట్టికలు తీర్పజాలవు.

అందుచే పారీ 1933లోను, మరల 1934-35లోను యుగోస్లావియాకు బోయి గాయకుల పాటలు వినెను, వారిని ప్రశ్నించెను, పాటలను ధ్వనిముద్రణము చేయించెను. బియెలో పోల్యే ప్రాంతపు గాయకుడు అవ్దో మెజెదోవిచ్ చదువను వ్రాయను నేర్వనివాడు. తానెన్నడు నెఱుగని 2,294 పాదముల పాటను మరియొకడు పాడగా విని, ఆతడు దానినే 6,313 పాదములుగా పాడెను. ఎంత పెరిగినదో అంకెలు చెప్పును. వర్ణనలు, పాత్రల మనోభావములు చేరి పెరిగినదని మాత్రము రెండు పాఠములను ప్రక్కప్రక్కన నుంచి చదివిననే తెలియును. పారీ 1935లో మృతినొందగా శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ ఆ కృషిని కొనసాగించి 1960లో ‘ది సింగర్ ఆఫ్ టేల్స్’ను ప్రకటించెను.

అటుపిమ్మట కొందఱు లెక్కను మాత్రమే గ్రహించిరి. 1953లో మాగౌన్ ప్రాచీనాంగ్ల కవిత్వమందలి ఆవృత్తపదబంధముల నాధారముచేసికొని అది మౌఖికమనెను. 1966లో బెన్సన్, లాటిన్‌నుండి అనువదించిన పద్యములందును అట్టి పదబంధములు విరివిగ నున్నవని చూపెను. మూలగ్రంథమును ముందిడుకొని అనువదించిన కవిని నిరక్షరగాయకుడని యెట్లనగలము?

మనకును ఈ చిక్కు కలదు. శ్రీనాథకృతముగ ప్రసిద్ధమైన ద్విపద పల్నాటి వీరచరిత్ర వ్రాతలో నున్నది. వీరగాథ గాయకుల నోటను నున్నది. జీన్ రోఘెయిర్ 1982లో ప్రకటించిన ‘ది ఎపిక్ ఆఫ్ పల్నాడు’ గాయకుని పాఠముపై నాధారపడినది. ద్విపదలోని ఆవృత్తపదబంధములను లెక్కింపబూనినవారు అవి గాయకుల పాఠములందును కలవేమో చూడవలెను. కలవన్నను పని ముగియదు. ఆ గాయకుడు అచ్చుపుస్తకమును ఎవరైన చదువగా వినియుండెనా? ఆ సంగతి ఆతనినే యడుగవలెను.