హేమావతి రాళ్లు మోసిందెవరు?

మడకశిర చరిత్ర అనగానే అందరూ కోట చూపిస్తారు. నన్నడిగితే ముందు అమరాపురం మండలంలోని హేమావతికి పోవాలి. అప్పట్లో దాని పేరు హెంజేరు, నొళంబుల రాజధాని. అక్కడ సిద్ధేశ్వరుడు లింగం కాదు, మనిషి రూపంలో కూర్చున్న శివుడు. ఆ నల్లరాతి స్తంభాల నునుపు చూడండి! అలాంటివి కొన్నింటిని చోళులు వందల కిలోమీటర్ల దూరంలో, కావేరి ఒడ్డునున్న తిరువైయారుకు పట్టుకుపోయారు. కొన్ని శిల్పాలు మద్రాసు మ్యూజియం చేరాయి.

కట్టించిన రాజుల పేర్లు శాసనాల్లో ఉన్నాయి. ఎత్తుకుపోయిన రాజుల పేర్లూ మనకు తెలుసు. రాయి తొలిచినోళ్లు, బండి లాగినోళ్లు ఎవరు?

మడకశిర 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. ఓటుకొచ్చేవాళ్లను అడగండి: హేమావతిలో చరిత్ర బోర్డు పెడితే, ఆ కష్టజీవుల గురించి ఒక్క వాక్యమైనా రాయిస్తారా?